అడవికంది డైరీ: 186 గింజలు, 21 మొక్కలు

నేను చంపుకున్న మొక్కల్ని ఇంకొకరు చంపుకోకూడదని రాస్తున్న డైరీ ఇది. తిరుపతి వైపు ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. రెండున్నరేళ్ళలో ఏం కొలిచాం, ఏం పాడుచేశాం, ఎక్కడ పద్ధతి మార్చాం అన్నది నోట్‌బుక్ చూసి ఎక్కిస్తున్నాను.

మొక్క పేరు రింకోసియా బెడ్డోమీ. మా వైపు అడవికంది అంటారు. చిక్కుడు కుటుంబం. నడుమెత్తు పొద, బూడిదరంగు మెత్తటి నూగు, పసుప్పచ్చ పూలు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా శేషాచలం, దాని పక్క కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఆకు పసరు గాయాలకు రాస్తారని కొండ పల్లెల్లో చాలామందికి తెలుసు. పెరిగే చోటే తక్కువ, ఆపైన ఎండాకాలం మంటలు, మేత, మందుకోసం కోత.

పద్ధతి సంగతి ముందే చెప్పేస్తాను. శేషాచలం 2010 నుంచి జీవావరణ రిజర్వు. లోపల నేషనల్ పార్కు కూడా ఉంది. అక్కడి నుంచి ఒక్క గింజ తెచ్చుకోవాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. మేం కొండెక్కి కోయలేదు. అనుమతి వచ్చాక అటవీశాఖ సిబ్బందే, ఒక్కో మొక్క కాయల్లో పదో వంతుకు మించకుండా, కోసి ఇచ్చారు. ఏ కొండ, ఏ దారి అనేది రాయను. అడగొద్దు.

దశ 0: తప్పుడు మొక్కను ఆరు వారాలు పెంచాం (2022 జులై–ఆగస్టు)

అనుమతికి అర్జీ పెట్టి ఊరుకోకుండా, ఈలోగా చెయ్యి తిరుగుతుందని ఒక మూలికల కొట్లో ‘అడవికంది’ గింజలు కొన్నాను. చక్కగా మొలిచాయి. ఎత్తు కొలిచి పట్టిక కూడా వేయించాను పిల్లలతో. ఐదో వారంలో మా తోటమాలి అన్న వచ్చి నిలబడ్డాడు.

“తీగ పారతా ఉండాది మేడం ఇది. అడవికంది యాడైనా తీగ పారతాదా?”

ఆయన మాటే నిజం. అది కజానస్ స్కారబియాయిడిస్, మన కందికి అడవి బంధువు, గట్ల మీద కూడా పాకే మామూలు తీగ. పటాన్‌చెరువులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో దీన్ని భద్రంగా దాచి, కాయతొలుచు పురుగును తట్టుకునే గుణం కోసం పరిశోధనల్లో వాడుకుంటారు. మంచి మొక్కే, మనకు కావలసింది కాదు. ‘అడవికంది’ అని ఒక్క మొక్కనే పిలవరు. మూలికల కొట్టువాళ్ళను తప్పుపట్టను, పేరు చూసి కొన్నది నేను.

ఎవరైనా గింజలిస్తే ముందు ఇవి చూడండి:

1. కాయతో సహా అడగండి. విడి గింజలు తీసుకోవద్దు.
2. కాయలో రెండు గింజలు, ఒక్కోసారి ఒకటే ఉంటే రింకోసియా వైపు. మూడు, అంతకంటే ఎక్కువ ఉండి, గింజకూ గింజకూ మధ్య కాయ మీద నొక్కు కనిపిస్తే కజానస్ వైపు.
3. ఆకు అడుగున పసుపు చుక్కలున్నాయి కదా అని ఒప్పుకోవద్దు. ఆ జిగురు చుక్కలు రెండింటికీ ఉంటాయి. నేను బోల్తా పడింది అక్కడే.
4. హెర్బేరియం నమూనాతో (ఎండబెట్టి, పేరు రాసి దాచిన మొక్కతో) పోల్చకుండా పేరు రాయొద్దు.

బెడ్డోమ్ 19వ శతాబ్దంలో మద్రాసు అటవీశాఖలో కన్జర్వేటరు. ఆయన పేరు మీద 1870ల్లో ఈ మొక్కకు పేరు పెట్టినవాడు లండన్‌లోని ‘క్యూ’ వృక్షశాస్త్ర తోటలో పనిచేసిన బేకర్. ఆయన చూసింది ఎండబెట్టిన కొమ్మనే. అదే పని మేమూ చేసి ఉంటే ఆరు వారాలు మిగిలేవి.

లెక్క: మొక్కలు 0. ఖర్చు రూ. 380 (చేతి భూతద్దం. మూలికల కొట్లో ఇచ్చిన డబ్బు సిగ్గుతో రాయలేదు).

దశ 1: గింజలు వచ్చాయి, పురుగూ వచ్చింది (2023 ఫిబ్రవరి–మార్చి)

నాలుగు తల్లిమొక్కల నుంచి కాయలు వచ్చాయి. ఎ, బి, సి, డి అని నాలుగు కవర్లు. వొలిస్తే మొత్తం 186 గింజలు. బంగారం పని చేసే వాళ్ళ దగ్గర తూకం వేయించి, సీసాల్లో పోసి, ల్యాబ్ అల్మరాలో పెట్టాను.

మూడు వారాల తర్వాత సీసా అడుగున పిండి. గింజలకు గుండ్రటి కన్నాలు. కందిపప్పు డబ్బాలో కనిపించే పుచ్చు పురుగు జాతే. పురుగు మా అల్మరాలో పుట్టింది కాదు. కాయ చెట్టు మీద ఉన్నప్పుడే గుడ్డు పెట్టి ఉంటుంది, లోపల పెరిగి ఇప్పుడు బయటికొచ్చింది. మా అమ్మ అయితే మొదటిరోజే ఎండలో పోసి వేపాకు వేసి ఉండేది. చదువుకున్నదాన్ని నేను సీసా మూత బిగించాను.

41 గింజలు పోయాయి. అందులో 22 ‘సి’ మొక్కవే.

ఇప్పుడు చేసే పద్ధతి:

1. కాయలు వచ్చిన రోజే వొలిచి, నీడన మూడు రోజులు ఆరబెట్టాలి.
2. తేమ పీల్చే సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెట్టి, డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచాలి. గింజ బాగా ఆరకుండా ఫ్రీజర్‌లో పెడితే గింజే చస్తుంది. పళ్ళతో కొరికితే నొక్కు పడకూడదు, టక్కుమని విరగాలి.
3. తర్వాత మామూలు ఫ్రిజ్‌లోకి మార్చాలి.

మిగిలిన 145లో 45 పక్కన పెట్టాను. ఏం జరిగినా వాటి జోలికి వెళ్ళకూడదని డబ్బాకు టేపు వేసి సంతకం చేశాను.

లెక్క: గింజలు 145 (నిల్వ 45, ప్రయోగానికి 100). ఖర్చు ఇప్పటిదాకా మొత్తం రూ. 620 (ఇకపైనా ఇలాగే కలుపుకుంటూ రాశాను).

దశ 2: మొలక (2023 జూన్ 12–జులై 30)

మృగశిర కార్తె చూసుకుని విత్తాం. వంద గింజలు ఐదు వాటాలు, ఒక్కోదానికి ఇరవై, నాలుగు తల్లుల గింజలూ ప్రతి వాటాలో కలిసేలా. ప్రో ట్రేలు (గుంతలున్న నారు ట్రేలు), కొబ్బరిపొట్టు. 30 రోజుల తర్వాత లెక్క ఇది:

1. ఏమీ చేయనివి: 20లో 2.
2. 24 గంటలు మామూలు నీళ్ళలో నానబెట్టినవి: 3.
3. 80 డిగ్రీల నీళ్ళు పోసి, అందులోనే చల్లారనిచ్చి రాత్రంతా ఉంచినవి: 9. మరో 6 ఉడికిపోయి కుళ్ళాయి.
4. ఉప్పు కాగితంతో రుద్దినవి: 13.
5. నెయిల్ కట్టర్‌తో పెచ్చు గిల్లినవి: 17.

కారణం కొత్తదేం కాదు. ఈ కుటుంబంలో చాలా అడవి గింజల పెచ్చు నీరు చొరనంత గట్టిది. ఎండకో, మంట వేడికో, రాళ్ళ రాపిడికో పగిలితే తప్ప లోపలికి తడి పోదు. యాసిడ్ పద్ధతి కూడా ఉంది కానీ పిల్లల చేతుల మధ్య సల్ఫ్యూరిక్ యాసిడ్ పెట్టే ధైర్యం నాకు లేదు. రూ. 30 నెయిల్ కట్టర్ 17 మొలిపించాక దాని అవసరమూ కనపడలేదు.

గిల్లేటప్పుడు జాగ్రత్త: గింజ మీద తెల్లటి బొడ్డు ఉన్న వైపు ముట్టుకోవద్దు, మొలక ఆ పక్కనే ఉంటుంది. దానికి ఎదురు వైపు, నువ్వుగింజలో సగం అంత పెచ్చు లేస్తే చాలు. తెల్లటి పప్పు కనిపించగానే ఆపేయాలి. గిల్లినవి ఐదో రోజు నుంచి తొమ్మిదో రోజు లోపు మొలిచాయి. రుద్దినవి పదహారో రోజు దాకా సాగాయి.

44 మొలకలు వచ్చాయని ఫోటో దిగాం. పన్నెండు రోజుల్లో 19 పడిపోయాయి.

నారుకుళ్ళు. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక, పొద్దునకి మొదట్లో దారంలా సన్నబడి పక్కకు వాలిపోయి ఉండేది. తప్పు నాదే. కొబ్బరిపొట్టు పైన ఆరినట్టు కనిపిస్తే చాలు, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చల్లించాను. అడుగున పిండితే నీళ్ళు కారుతున్నాయి. వేలు గుచ్చి చూడాలని తోచలేదు.

మార్పులు:

1. కొబ్బరిపొట్టు తీసేసి, మరిగే నీళ్ళు పోసి ఆరబెట్టిన ముతక ఇసుక మూడు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు.
2. కుళ్ళు తెగుళ్ళను అణిచే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా కలపడం.
3. నీళ్ళు పొద్దున ఒక్కసారే, అదీ అడుగు నుంచి పీల్చుకునేలా ట్రేను పళ్ళెంలో పెట్టి పదిహేను నిమిషాలు.

ఒకటి, రెండు వాటాల్లో మొలవని 35 గింజల్ని పారేయబోతుంటే ఒక విద్యార్థిని ఆపింది. తవ్వి కడిగి చూస్తే 31 ఇంకా రాయిలా ఉన్నాయి. వాటినీ గిల్లి కొత్త ఇసుకలో పెట్టాం. 28 మొలిచాయి, 2 పోయాయి. మొలవలేదంటే చచ్చిందని కాదు. ఆ అమ్మాయి ఆపకపోయి ఉంటే ఈ డైరీ సగంలోనే ఆగేది.

లెక్క: బతికి ఉన్నవి 25 + 26 = 51. ఖర్చు రూ. 1,310.

దశ 3: బోరు నీళ్ళు (2023 ఆగస్టు)

ఆ ఏడాది ఆగస్టులో దేశమంతా వానలు మొహం చాటేశాయి. నిల్వ చేసుకున్న వాననీళ్ళు అయిపోయాయి. బోరు నీళ్ళే దిక్కు.

రెండో వారానికి లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. నత్రజని చాల్లేదేమో అనుకుని ఎరువు నీళ్ళు పోశాను. ఇంకా ముదిరింది. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పసుపుబారతాయి. లేతాకు, అదీ ఈనెల మధ్య మాత్రమే పసుపుబారితే ఇనుము అందడం లేదని అర్థం. ఇది రెండో సంవత్సరం పిల్లలకు నేను చెప్పే పాఠమే.

టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) కొలిచే మీటరు, పీహెచ్ పట్టీలు కొన్నాం. బోరు నీళ్ళు: టీడీఎస్ 940, పీహెచ్ 8కి పైనే. మొలకల్ని మార్చిన నర్సరీ కవర్లలో మట్టి పైన తెల్లటి పొర. శేషాచలం కొండలు సున్నం లేని క్వార్ట్‌జైట్ రాళ్ళవి. పలచటి గరపనేలలో వాననీళ్ళతో బతికే మొక్కకు సున్నపు నీళ్ళు తాగిస్తున్నాం.

కంప్యూటర్ ల్యాబ్ ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టమని తోటమాలి అన్నకు చెప్పాను. రోజుకు 14 నుంచి 18 లీటర్లు, టీడీఎస్ 20 లోపు. మొదట రెండింతల నీళ్ళు పోసి మట్టిలో ఉప్పును కడిగేశాం, తర్వాత అవే నీళ్ళు. కొత్త చిగుళ్ళు సెప్టెంబరు రెండో వారానికి ఆకుపచ్చగా వచ్చాయి. పాత ఆకులు కోలుకోలేదు, రాలిపోయాయి.

లెక్క: పోయినవి 13. ఉన్నవి 38. ఖర్చు రూ. 1,870.

దశ 4: తల్లివేరు (2023 సెప్టెంబరు)

మొక్క ఎత్తు సగటున 11 సెంటీమీటర్లు. అక్కడే ఆగిపోయింది. ఒక కవరు కోసి చూస్తే, 8 అంగుళాల కవరు అడుగున తల్లివేరు వడియాల చుట్టలా తిరిగి ఉంది. సాగదీస్తే 31 సెంటీమీటర్లు. పైన కంటే కింద మూడింతలు.

రాళ్ళ సందుల్లో లోతుకు దిగే వేరుకు నర్సరీ కవరు సరిపోదు. మూడంగుళాల పీవీసీ గొట్టం కొని ఇలా చేశాం:

1. 14 అంగుళాల ముక్కలు కోయాలి. 40 ముక్కలకు 20 అడుగుల గొట్టాలు మూడు కొన్నాం.
2. ప్రతి ముక్కనూ హ్యాక్సాతో నిలువుగా ఒక పక్క చీల్చి, తీగతో మూడు చోట్ల కట్టాలి. నాటేటప్పుడు తీగ విప్పితే గొట్టం తెరుచుకుంటుంది, వేరు కదలదు.
3. అడుగున దోమతెర గుడ్డ కాదు, ఇనుప జల్లెడ ముక్క. గుడ్డ మూడు వారాల్లో పుచ్చిపోయింది.
4. మట్టి: ఎర్రమట్టి ఒకటి, ముతక ఇసుక రెండు, చిన్న గులకరాళ్ళు ఒకటి. పశువుల ఎరువు వద్దు.

మొదటి ఐదు మొక్కల్ని పగలు పదకొండింటికి మార్చాం, అదీ మట్టి దులిపి. ఐదూ చచ్చాయి. మిగతా 33 సాయంత్రం, మట్టిగడ్డతో, చుట్టతిరిగిన కొసను మాత్రం బ్లేడుతో కోసి. ఒక్కటీ పోలేదు.

లెక్క: 33. ఖర్చు రూ. 3,870.

దశ 5: వేరు బుడిపెలు (2023 అక్టోబరు–నవంబరు)

మార్చేటప్పుడే గమనించాం: ఒక్క వేరుకూ బుడిపె లేదు. చిక్కుడు కుటుంబం మొక్కలకు గాలిలోని నత్రజనిని పట్టిచ్చే బాక్టీరియా ఉండేది ఆ బుడిపెల్లోనే. ఉడికించిన ఇసుకలో పెంచితే బాక్టీరియా ఎక్కణ్ణుంచి వస్తుంది? కొండ మట్టి తేవడానికి మళ్ళీ అనుమతి కావాలి. దగ్గర్లో అలసంద చేను ఉంది కదా అని అక్కడి మట్టి గుప్పెడు చొప్పున పది గొట్టాల్లో వేశాను. బుడిపెలు వచ్చాయి. వేరుకుళ్ళు కూడా వచ్చింది, మూడు పోయాయి.

మిగతావాటికి అలసందకు వాడే రైజోబియం (ఆ బుడిపెల బాక్టీరియా) పాకెట్ తెచ్చి, బెల్లం నీళ్ళలో కలిపి మొక్క మొదట్లో పోశాం. పాకెట్ రూ. 40. ఆరు వారాలకు ఒక వేరు పక్కకు తీసి బుడిపెను కోస్తే లోపల గులాబి రంగు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అది పనిచేయనట్టు. గులాబి కనపడిన రోజు నోట్‌బుక్‌లో తేదీ కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

లెక్క: 30. ఖర్చు రూ. 3,910.

దశ 6: తుపాను (2023 డిసెంబరు మొదటి వారం)

మిచౌంగ్ తుపాను వానలకు కాలేజీ సెలవు. గొట్టాలు సిమెంటు నేల మీద నిలబెట్టి ఉన్నాయి. నీళ్ళు పోయే జాలిలో ఆకులు అడ్డుపడ్డాయి. మూడో రోజు వెళ్ళేసరికి నాలుగంగుళాల నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఏడు మొక్కలు రెండు వారాల్లో వాడిపోయాయి. అన్నీ జాలి పక్క వరసవే.

పాత ఇనుము కొట్లో యాంగిల్ ముక్కలు కొని, అడుగున్నర ఎత్తు స్టాండు వెల్డింగ్ చేయించాం. మొదట్లోనే చేయించాల్సింది.

లెక్క: 23. ఖర్చు రూ. 5,310.

దశ 7: పేర్లు చెరిగిపోవడం, నీళ్ళ తూకం, మేక (2024 జనవరి–జూన్)

జనవరిలో కొత్త చీటీలు రాద్దామని చూస్తే ప్లాస్టిక్ చీటీల మీద పర్మనెంట్ మార్కర్ ఎండకు వెలిసిపోయింది. ‘బి’, ‘డి’ కలిసిపోయాయి. ఈ డైరీలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదొక్కటే. చచ్చిన మొక్కకు కారణం దొరికింది. తల్లి ఎవరో తెలియని తొమ్మిది మొక్కలకు ఇంక ఏ లెక్కా పనికిరాదు. కూల్‌డ్రింక్ డబ్బాను పట్టీలుగా కత్తిరించి, బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే గాడి పడుతుంది. ఎండకూ వానకూ చెరగదు. అంచులు మడిచి పెట్టండి, వేలు తెగుతుంది.

నీళ్ళకు వారం, రోజు అనే లెక్క మానేశాం. కూరగాయలు తూచే వేలాడే తూకం కొన్నాం. తడిపి నీళ్ళు కారిపోయాక గొట్టం 2.6 కిలోలు. 2.2కు దిగితేనే నీళ్ళు. జనవరిలో ఇది తొమ్మిది రోజులకోసారి వచ్చింది, రోహిణి కార్తెలో మూడు రోజులకోసారి. అంతకు ముందు ఏడాదంతా రోజూ పోశామని తలుచుకుంటే ఏం చెప్పను.

50 శాతం షేడ్ నెట్ కింద మొక్కలు సన్నగా సాగి పడిపోతుంటే ఫిబ్రవరిలో నెట్ తీసేశాం, వారానికి కొంచెం చొప్పున నాలుగు వారాల్లో. కణుపుల మధ్య దూరం 5 సెంటీమీటర్ల నుంచి 2కు తగ్గింది, నూగు చిక్కబడింది. తోటమాలి అన్న అప్పుడు ఒప్పుకున్నాడు: “ఇప్పుడు కొండమింద దాని మాదిరి ఉండాది.”

మే నెలలో కంచె సందులోంచి మేక. రెండు మొక్కలు మొదలంటా. ఆ రోజే జాలీ కంచె.

లెక్క: 21. ఖర్చు రూ. 6,500.

దశ 8: పూత, కాయ (2024 నవంబరు–2025 జనవరి)

21లో 14 పూశాయి. 30 మొగ్గలకు వల సంచులు కట్టాం, 30 వదిలేశాం. సంచులు మా ఇంట్లో పెళ్ళికి తాంబూలాలకు కొన్నవి మిగిలితే తెచ్చాను. సంచిలోవి 1 కాయ, వదిలినవి 11. తుమ్మెదలు పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య ఎక్కువ తిరిగాయి. ముప్పై పూలతో గట్టిగా ఏమీ చెప్పలేం, అయినా దోమతెర ఇంట్లో పెంచి కాయలు రాలేదని బాధపడేవాళ్ళు ముందు తెర తీసి చూడండి.

కాయ గోధుమరంగుకు తిరగ్గానే కోయాలి. రెండు రోజులు ఆలస్యమైతే పగిలి గింజ ఎగిరిపోతుంది. మేం అలా ఎన్ని పోగొట్టామో లెక్క లేదు. దొరికినవి 34 కాయలు, 57 గింజలు. 9కి కన్నాలు. మంచివి 48. ఈసారి ఆరబెట్టడం, ఫ్రీజరు వెంటనే అయిపోయాయి.

తల్లి పేరు తెలిసిన 12 మొక్కలు, 40 గింజలు అటవీశాఖ నర్సరీకి ఇచ్చాం. మొక్కల్ని కొండ మీద ఎక్కడ, ఎప్పుడు నాటాలన్నది వాళ్ళ నిర్ణయం. బి, డి కలిసిపోయిన తొమ్మిదీ మా దగ్గరే ఉన్నాయి, పిల్లలకు చూపించడానికి.

చివరి లెక్క: కాలేజీలో మొక్కలు 9, కొత్త గింజలు 8. టేపు వేసిన డబ్బాలో పాతవి 45 అలాగే ఉన్నాయి. ఖర్చు రూ. 6,500, సంచులకు ఏమీ పెట్టలేదు. జూన్‌లో ఆ డబ్బాలోవి పదిహేను తీసి గిల్లాలి. నెయిల్ కట్టర్ ఎవరో పట్టుకెళ్ళారు, ఇంకోటి కొనాలి.